ఎండ ఇవాళ, పాలు ఎల్లుండి

ఏప్రిల్ సగం దాటిందంటే మా ఊరి పాలకేంద్రం దగ్గర పొద్దున్నే పాలు తగ్గాయని ఒకటే గోల. దాణా బస్తాలో ఏదో కలిపేస్తున్నారు అని ఒకాయన, మిషను తేడాగా ఉంది ఫ్యాటు తక్కువ చూపిస్తోంది అని ఇంకొకాయన, దిష్టి తగిలింది నిమ్మకాయలు కట్టాలి అని ఒక పెద్దావిడ. ఎండలు మండిపోతున్నాయి అని అందరూ అంటారు కానీ ఆ ఎండకీ క్యాన్‌లో పాలకీ ముడి మాత్రం పెట్టరు. ఎలా పెడతారు లెండి, పాలు తగ్గిన రోజు చూస్తే ఆకాశం మబ్బేసి ఉంటుంది, నిన్న కూడా కాస్త గాలి తోలింది, మరి ఎండెక్కడ?

అసలు సంగతి ఏంటంటే ఆవుకి ఇవాళ తగిలిన ఎండ పాలల్లో ఇవాళ కనపడదు, రేపో ఎల్లుండో కనపడుతుంది. అమెరికాలో జార్జియా అని మనలాగే ఉక్కపోత ఉండే రాష్ట్రం ఉంది, అక్కడి పాడి ఆవుల మీద 2003లో వచ్చిన పరిశోధనలో పాల దిగుబడికి అన్నిటికంటే దగ్గరగా సరిపోయింది ఆ రోజు వేడి కాదు, రెండు రోజుల కిందటి వేడి. ఇది చదివాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. పాలు మాత్రమే కాదు, ఎండ చేసే నష్టం చాలావరకు ఇలా లేటుగానే వస్తుంది, అందుకే మనం ప్రతిసారీ నింద ఇంకెవరి మీదో వేస్తాం. ఈ పోస్టంతా దాని గురించే, కాస్త పెద్దదే, టీ తాగుతూ చదవండి.

మాది బాపట్ల వైపు పల్లె, సముద్రం దగ్గర. ఇంట్లో హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్, ఎక్కువ పాలిచ్చే సీమ జాతి) క్రాసులు, ఒక జెర్సీ క్రాసు, రెండు గేదెలు. మా బావ వాళ్ళది మాచర్ల వైపు, అంటే టీవీలో రోజూ చూపించే రెంటచింతల పక్కనే అన్నమాట, వేసవిలో రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ ఎండ అంటే ముందు ఆ పేరే వినపడుతుంది. ఒకప్పుడు రెండూ గుంటూరు జిల్లానే, కానీ ఎండ మాత్రం ఒకటి కాదు. బావ ఫోన్ చేసి "మాకు 44 బావా, మీకేంటి హాయిగా సముద్రం గాలి, 35 దాటదు" అంటాడు. ఆ హాయి ఎంతో మా ఆవుల్నడగాలి.

ఆవుకి ఎంత వేడి తగులుతోందో కొలవడానికి టీహెచ్‌ఐ అని ఒక లెక్క ఉంది, ఉష్ణోగ్రత, గాలిలో తేమ రెండూ కలిపి వచ్చే అంకె. 72 దాటితే పాడి ఆవు ఇబ్బంది మొదలైనట్టు అని పాత లెక్క, ఎక్కువ పాలిచ్చే ఆవులకి 68 నుంచే మొదలవుతుంది అని తర్వాత అమెరికాలోనే అరిజోనా వాళ్ళు తేల్చారు. ఫార్ములా నెట్‌లో దొరుకుతుంది, నేను ఫోన్‌లో వేసి చూశా. బావ వాళ్ళ 44 డిగ్రీలు, తేమ 18 శాతం అనుకుంటే 87 వచ్చింది. మా 35 డిగ్రీలు, తేమ 65 శాతం వేస్తే 88! అంటే 9 డిగ్రీల తేడా తేమలో కొట్టుకుపోయింది. ఇందులో నేరుగా పడే ఎండ, వడగాలి లెక్కలోకి రావు, అది నిజమే, బావ వాళ్ళకి ఆ కష్టం వేరే ఉంది. కానీ రాత్రి సంగతి చూడండి, వాళ్ళకి 27 డిగ్రీలు, 45 శాతం తేమ ఉంటే 74, మాకు 29 డిగ్రీలు, 85 శాతం ఉంటే 82. వాళ్ళ ఆవుకి రాత్రయితే కాస్త ఊపిరి ఆడుతుంది, మా ఆవుకి తెల్లారేదాకా అదే పని. పగలు ఎంత మండినా రాత్రి కొన్ని గంటలు బాగా చల్లబడితే ఆవు తట్టుకుంటుంది, మా కోస్తాలో లేనిదే అది.

తేమ ఎందుకంత ముఖ్యం అంటే ఆవు వేడిని వదిలించుకునే దారి చెమట, ఊపిరి, రెండూ నీళ్ళు ఆవిరైతేనే పనిచేస్తాయి. గాలే తడిగా ఉంటే ఆవిరి అవదు. ఇంకోపక్క దాని కడుపులోనే ఎప్పుడూ ఆరని పొయ్యి ఒకటుంది, మేత పులిసేటప్పుడు పుట్టే వేడి చిన్నదేం కాదు, పాలు ఎక్కువ ఇచ్చే ఆవు ఎక్కువ తింటుంది కాబట్టి దానికి ఆ వేడీ ఎక్కువే. అందుకే ఒకే పాకలో కట్టిన జెర్సీ క్రాసు నింపాదిగా నెమరేస్తుంటే పక్కన హెచ్‌ఎఫ్ చొంగ కారుస్తూ రొప్పుతుంటుంది. మన ఒంగోలు జాతిది ఇంకో దారి, వదులు చర్మం, గంగడోలు, ఎక్కువ చెమట, తక్కువ పాలు. బ్రెజిల్ వాళ్ళు ఊరికే పట్టుకెళ్ళలేదు, అక్కడ దాన్ని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. వాళ్ళు దాన్ని మాంసం కోసం పెంచుతారు, అది వేరే కథ.

సరే, ఆవుకి వేడి తగిలిందా లేదా ఎలా తెలుస్తుంది? థర్మామీటరు పెడితే 101, 101.5 ఉండాల్సింది 102.5 దాటుతుంది. కానీ నాకు నచ్చింది ఊపిరి లెక్క. మధ్యాహ్నం రెండు మూడింటికి ఆవు పక్కన నిలబడి డొక్క ఎన్నిసార్లు ఎగిరిందో అర నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవేయండి. 60 దాటిందా, ఎల్లుండి పాలు తగ్గుతాయి అని ఇవాళే రాసి పెట్టుకోవచ్చు. 80 దాటితే అప్పటికప్పుడు ఏదో ఒకటి చెయ్యాలి. రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి లెక్కపెట్టండి, చాలామంది చెయ్యనిది ఇదే. ఆవు ఒంట్లో వేడి బయట ఎండతో పాటే ఎక్కి ఎండతో పాటే దిగదు, కొన్ని గంటలు వెనకాల నడుస్తుంది, పొద్దుగూకాక కూడా ఒళ్ళు కాలుతూనే ఉంటుంది. మనం మాత్రం ఆరింటికి చల్లబడింది కదా అని ఫ్యాన్లు కట్టేసి కరెంటు మిగిలింది అనుకుంటాం. నన్నడిగితే మా వైపు ఫ్యాను పగలు ఒక గంట తక్కువ తిరిగినా పర్లేదు, రాత్రి పది దాకా తిరగాల్సిందే.

ఇక ఫాగర్ల గోల. ఈ మధ్య ఎక్కడ చూసినా షెడ్డుకి ఫాగర్లు పెట్టించుకోండి అని వీడియోలు. పొగమంచులాగా బుస్సున వస్తుంది, ఫోన్‌లో చూడ్డానికి భలే ఉంటుంది. బావ వాళ్ళకి అది పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి పొడి గాలిలో ఆ సన్న తుంపర వెంటనే ఆవిరై గాలి చల్లబడుతుంది. మాకు ఏమవుతుందంటే అప్పటికే తడిగా ఉన్న గాలి ఇంకా తడుస్తుంది, తుంపర ఆవు వెంట్రుకల మీద మంచులాగా నిలుస్తుంది, చర్మం దాకా దిగదు, లోపలి వేడి లోపలే ఉంటుంది. వేలకు వేలు పోసి మా ఊళ్ళో పెట్టించుకున్నవాళ్ళు ఉన్నారు, పాపం ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. కోస్తాలో కావాల్సింది పెద్ద చుక్క. పైపుతో అయినా, మామూలు స్ప్రింక్లర్ తలతో అయినా వీపు, భుజాలు, డొక్కలు చర్మం తడిసేదాకా ఒకటి రెండు నిమిషాలు తడపడం, నీళ్ళు ఆపేయడం, పది పదిహేను నిమిషాలు ఫ్యాను గాలికి ఆరనివ్వడం, మళ్ళీ తడపడం. ఇజ్రాయెల్ వాళ్ళు 1980ల నుంచీ ఇదే పద్ధతి, పాలు పితికే ముందు ఆవుల్ని ఒకచోట నిలబెట్టి అర నిమిషం నీళ్ళు, నాలుగున్నర నిమిషాలు గాలి, అలా ముప్పావు గంట దాకా, రోజుకి చాలాసార్లు. అక్కడ కూడా ఎండలు తక్కువేం కాదు, అయినా వాళ్ళ ఆవుల పాల సగటు ప్రపంచంలోనే పైన ఉంటుంది.

ఇందులో మెలిక ఏంటంటే నీళ్ళొక్కటే పోసి వదిలేస్తే లాభం లేదు, గాలి ఉండాలి. ఫ్యాను కూడా పాక నడిమధ్య పైన వేలాడే సీలింగ్ ఫ్యాను కాదు, అది పైనున్న రేకుల వేడిని కిందకి తోస్తుంది అంతే. గోడకో స్తంభానికో బిగించి ఆవు వీపు మీదకి వంచి పెట్టిన ఫ్యాను కావాలి, పక్కన నిలబడితే మన చొక్కా రెపరెపలాడాలి. ఇంకో జాగ్రత్త, నీళ్ళు పొదుగు మీదుగా కారి సన్నుల దగ్గర నిలవకూడదు, ముఖ్యంగా పితికే ముందూ పితికాక వెంటనే, లేకపోతే ఎండ నుంచి తప్పించి పొదుగువాపులో పడేసినట్టే. కింద బురద అయిపోతుంటే తడిపే చోటు వేరే పెట్టుకోండి, పడుకునే చోటు పొడిగా ఉండాలి. వేడికి ఆవు పడుకోవడం మానేసి ఎక్కువ సేపు నిలబడే ఉంటుంది, నిలబడితే ఒంటికి గాలి ఎక్కువ తగులుతుంది కదా, కానీ కొన్ని వారాలు పోయాక గిట్టల్లో తేడా వచ్చి కుంటడం మొదలుపెడుతుంది. అప్పుడు రాయి గుచ్చుకుంది అనుకుంటాం.

పాక గురించి కొత్తగా చెప్పేదేం లేదు. రేకుల షెడ్డు అయితే పైన సున్నం కొట్టడం, వరిగడ్డో కొబ్బరి మట్టలో పరవడం, చుట్టూ గోడలు ఉంటే తీసేయడం. కొత్తగా కట్టేవాళ్ళయితే పొడుగు తూర్పు పడమరలుగా పెట్టుకోండి, ఎత్తు పన్నెండు అడుగులకి తగ్గొద్దు. పాత తాటాకు పాక చల్లదనం ఏ రేకుకీ రాదు, నిప్పు భయం, ఏటా కప్పించే ఖర్చు అంటే నేనేం చెప్పలేను. వేపచెట్టు ఉంటే అన్నిటికంటే మేలు, షెడ్డు కోసం చెట్టు కొట్టినవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నీళ్ళ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మన ఇళ్ళల్లో అలవాటు ఏంటి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కుడితి తాగించడం. లీటరు పాలకి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు కావాలి, ఎండాకాలం క్రాసు ఆవు రోజుకి వంద లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు, రెండు బకెట్ల కుడితి ఏ మూలకి? గాబులో ఇరవై నాలుగు గంటలూ నీళ్ళుండాలి, ఆవు కట్టు విప్పకుండానే మూతి అందాలి, అవి చల్లగా ఉండాలి. పైన నల్ల ట్యాంకు, ఎండలో పరిచిన నల్ల పైపు, మధ్యాహ్నం ఆ నీళ్ళల్లో మనం చెయ్యే పెట్టలేం, ఆవు మూతి పెట్టి తీసేస్తుంది. మనం "తాగట్లేదు, దాహం లేదేమో" అంటాం! ట్యాంకు మీద గోనె పట్టాలు కప్పి తడపండి, పైపుని జానెడు లోతున మట్టిలో పూడ్చండి, గాబుని నీడలోకి జరపండి. పైసా ఖర్చు లేని పని ఇది, వచ్చే తేడా ఎక్కువ. పితికిన వెంటనే ఆవు గాబు దగ్గరికి పోయేలా చూడండి, అది ఎక్కువ తాగేది అప్పుడే.

మేత తగ్గించడం వల్లే పాలు తగ్గాయి అని చాలామంది డాక్టర్లు కూడా చెప్తారు, అది సగం నిజం. వేడికి ఆవు మేత తగ్గిస్తుంది, ఎందుకంటే తింటే పొయ్యి ఇంకా మండుతుంది కదా. కానీ అమెరికాలో చల్లగా ఉన్న ఆవులకి కావాలని అంతే తక్కువ మేత పెట్టి పోల్చి చూస్తే పాలు తగ్గినదాంట్లో సుమారు సగమే మేత వల్ల, మిగతాది వేడికి ఒంట్లో వచ్చే మార్పుల వల్ల అని తేలింది. కాబట్టి దాణా ఎక్కువ పోసేస్తే పాలు తిరిగొస్తాయి అనుకోవడం వృథా, పైగా ప్రమాదం. రొప్పే ఆవు ఊపిరితో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ పోగొట్టుకుంటుంది, దాన్ని సరిచేయడానికి ఒంట్లో ఉన్న సోడా (బైకార్బొనేట్, వంటసోడాలో ఉండేదే) మూత్రంలో పోతుంది, చొంగ రూపంలో కారిపోయేది సరే సరి. కడుపులో పులుపు విరగడానికి ఉండాల్సిన సోడా అలా తగ్గిపోయిన టైములో బస్తాడు దాణా పోస్తే ఏమవుతుంది, కడుపు పులిసి వెన్న శాతం పడిపోతుంది. అప్పుడేమో మిషను మోసం అంటాం. దాణాలో వంటసోడా, ఉప్పు, మినరల్ మిక్చర్ కలపమనేది అందుకే, ఎంత అనేది మీ ఆవు పాలని బట్టి, తినే దాణాని బట్టి డాక్టర్ని అడిగి వేయండి.

మేత వేళలు మార్చడం అయితే ఎవరైనా చేయొచ్చు. తిన్న మూడు నాలుగు గంటలకి కడుపులో వేడి బాగా ఎక్కుతుంది, పది గంటలకి వరిగడ్డి వేస్తే అది రాజుకునేది సరిగ్గా నడి ఎండలో. తెల్లారుజామున నాలుగైదింటికి ఒకసారి, సాయంత్రం ఏడు తర్వాత పెద్ద మేత, వరిగడ్డి మొత్తం రాత్రికే, పగలు ఏమైనా వేస్తే పచ్చిమేత కొద్దిగా. పచ్చిమేత అంటే గుర్తొచ్చింది, నీళ్ళు చాలక వాడిపోయిన లేత జొన్న మాత్రం ఆశపడి వేయకండి, అందులో ఉండే విషం ఎక్కితే, నాము పడటం అంటారే అది, ఆవు గంటల్లో పోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే లేటుగా వచ్చే నష్టం, చూడి. ఆగస్టు సెప్టెంబరులో మా ఊళ్ళో గోపాలమిత్రని, అంటే ఆవులకి చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేసే ఆయన్ని, తిట్టని ఇల్లుండదు. సూది వేయించాం, మళ్ళీ పొర్లింది (చూడి నిలవక మళ్ళీ ఎదకొచ్చింది), మళ్ళీ వేయించాం, మళ్ళీ పొర్లింది. వానలు పడ్డాయి, పచ్చగడ్డి ఉంది, ఆవు నున్నగా ఉంది, మరి చూడి ఎందుకు కట్టదు అంటే ఆయన సూదిలో సత్తువ లేదు అని తీర్మానం. అండం తయారవడానికి చాలా వారాలు పడుతుంది, మేలో వేడిలో ఉడికిన అండాలే వానాకాలంలో విడుదలవుతాయి. చల్లబడిన వెంటనే గర్భం నిలిచే శక్తి తిరిగి రాదు, ఒకటి రెండు నెలలు పడుతుంది. ఎండాకాలంలోనే వేయించేవాళ్ళకి ఇంకో చిక్కు, ఎద లక్షణాలు సరిగ్గా కనపడవు, అరవదు, ఎక్కదు, ఏ అర్ధరాత్రో కాసేపు తీగలు (మానం నుంచి కారే జిగురు) వేసి పొద్దున్నకి మామూలైపోతుంది. మూగ ఎద అంటారే అది. గేదెల్లో మరీ ఎక్కువ. ఆ మూడు నెలలు రాత్రి పడుకునే ముందు, తెల్లారి లేవగానే ఒక చూపు చూడాల్సిందే.

వట్టిపోయిన ఆవుని ఇంకా అన్యాయంగా చూస్తాం. పాలిచ్చేదాన్ని ఫ్యాను కింద కట్టి, వట్టిది కదా దానికేం అని ఆ చివర రేకు కింద కట్టేస్తాం. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి చూసింది ఏంటంటే ఈనేముందు వట్టిగా ఉన్న నెలన్నర చల్లగా ఉంచిన ఆవులు ఈనాక రోజుకి నాలుగైదు లీటర్లు ఎక్కువ ఇచ్చాయి, దూడలు కూడా బరువుగా పుట్టాయి. అవి ముప్పై నలభై లీటర్ల ఆవులు, మన పన్నెండు లీటర్ల ఆవుకి నాలుగైదు రాదు, ఒక లీటరే అనుకోండి. లీటరు 35 లెక్కన ఈత మొత్తానికి ఎంతవుతుందో మీరే వేసుకోండి, ఒక ఫ్యాను డబ్బులు ఎప్పుడో వచ్చేస్తాయి. ఇంకా చిత్రం, ఎండలో కడుపులో ఉన్న పెయ్య దూడ పెద్దదై ఈనాక అది కూడా తక్కువ పాలిస్తుందట. అంటే ఈ మే నెల లెక్క మూడేళ్ళ తర్వాత కూడా తేలుతుంది.

గేదెల గురించి ఒక్కమాట. నల్ల చర్మం, చెమట తక్కువ, దానికి నీళ్ళే దిక్కు. మా చిన్నప్పుడు మధ్యాహ్నం గేదెలన్నీ చెరువులోనే ఉండేవి, ఇప్పుడు మా వైపు ఎటు చూసినా రొయ్యల చెరువులు, వాటిలోకి గేదెని దింపితే ఊరుకుంటారా. కాబట్టి గేదెకి కూడా పైపే, ఆవుకంటే ఎక్కువసార్లు.

ఎప్పుడైనా ఆవు నోరు తెరిచి నాలుక బయటపెట్టి రొప్పుతూ తూలుతుంటే నీడలోకి లాగి ఒళ్ళంతా ఆపకుండా నీళ్ళు పోయండి, ఫ్యాను పెట్టండి, 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య బండి వస్తుంది. మజ్జిగో గ్లూకోజ్ నీళ్ళో సీసాతో నోట్లో బలవంతంగా పోయకండి, అది రొప్పుతోంది, గుటక వేయలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తనంతట తాను తాగితే ఎంతైనా తాగనివ్వండి.

రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే మా ఊళ్ళో ఫ్యాన్లు ఊడదీసి అటక ఎక్కించేస్తారు. 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న జూలై రోజుని లెక్క వేసి చూడండి, 85 వస్తుంది. మేలో బావ వాళ్ళ 44 డిగ్రీలకి వచ్చింది 87. మా పాకలో ఫ్యాన్లు దసరా దాకా దిగవు.